నర్సుల లెక్కలు: బట్టీ పట్టకుండా ఎలా చదివాను

నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకు చదివేవారిలో చాలామంది కమ్యూనిటీ హెల్త్‌ను చివరి వారానికి నెట్టేస్తారు. అందులోనూ నర్సుల సంఖ్య, కొరత, చట్టాలంటే మరీ విసుగు. నాకు నమ్మకంగా మార్కులు తెచ్చిపెట్టినది ఆ భాగమే, అందుకే ఇది రాస్తున్నాను.

మొదట్లో ఏ నోట్సు తెరిచినా ఒక్కో అంకె కనిపించేది. మన దేశంలో నర్సులు, మిడ్‌వైఫ్‌లు (కాన్పులు చేసేవారు) కలిపి ఒకచోట 23.4 లక్షలు, మరోచోట 14 లక్షలు. రెండూ ఇంచుమించు ఒకే కాలానివి. వీటిలో ఏది సరైనదని కోచింగ్‌లో అడిగితే "పెద్దది పెట్టేయండి" అన్నారు! నిజానికి రెండూ సరైనవే. మొదటిది 2018 నాటికి నర్సింగ్ కౌన్సిళ్ల రిజిస్టర్లలో ఉన్న నమోదుల లెక్క. రెండోది 2017-18 నమూనా సర్వేను బట్టి, నిజంగా పనిలో ఉన్నవారిపై వేసిన అంచనా. పదివేల జనాభాకు చూస్తే మొదటి లెక్కలోని 17.7 కాస్తా రెండోదానిలో 10.6కు దిగుతుంది. తగిన అర్హత ఉన్నవారినే తీసుకుంటే 6 దగ్గర ఆగుతుంది.

ఇంత తేడా ఎందుకు? రిజిస్టర్‌లో పేరు ఎక్కడం మామూలే, దిగడమే అరుదు. విదేశాలకు వెళ్లినవారు, పెళ్లయ్యాక ఉద్యోగం మానేసినవారు, చనిపోయినవారు, రెండు రాష్ట్రాల్లో నమోదైనవారు, అందరూ అందులోనే ఉంటారు. మీతో చదివిన బ్యాచ్‌లో ఇప్పుడు వార్డు డ్యూటీ చేస్తున్నవారెందరో ఒకసారి లెక్కేసుకోండి, సంగతి అర్థమవుతుంది. నర్సులకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇచ్చి, నమోదును ఎప్పటికప్పుడు సవరించే విధానం తెచ్చింది ఇందుకే. కారణం తెలిశాక ఆ అంకెలు వాటంతట అవే గుర్తుండిపోయాయి.

అప్పటినుంచి ప్రతి అంకె పక్కనా ఎవరు లెక్కపెట్టారు, ఎవరిని లెక్కపెట్టారు, ఏ ఏడాది అని రాసుకునేదాన్ని. ఏడాది దగ్గరే ఎక్కువ మంది జారిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదికలోని 2.79 కోట్ల నర్సులు 2018 నాటి లెక్క. 2025 నివేదికలోని 2.98 కోట్లు 2023 నాటివి. ఆ ఏడాది కొరత 58 లక్షలు, 2030 నాటికి 41 లక్షలకు తగ్గవచ్చని అంచనా. మొత్తం తగ్గుతున్నా, కొరత పేద దేశాల మీదే పేరుకుంటోందన్నది గమనించండి. దాన్ని ప్రశ్నగా మలచడం చాలా తేలిక.

మిడ్‌వైఫరీలో చదవాల్సింది తక్కువే. మన దగ్గర జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ చేసినవారు నర్సుగా, మిడ్‌వైఫ్‌గా ఒకేసారి నమోదవుతారు కాబట్టి విడి లెక్క దొరకడం కష్టం. మిడ్‌వైఫరీ సేవలపై కేంద్రం ఇచ్చిన 2018 మార్గదర్శకాలు, వాటి ప్రకారం నర్సులకు ఇచ్చే 18 నెలల ప్రత్యేక శిక్షణ గుర్తుంటే చాలు.

చట్టాల విషయంలో మాత్రం పాత బిట్ల పుస్తకాలను నమ్మకండి. చాలావాటిలో 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం దగ్గరే కథ ఆగిపోతుంది. దాని స్థానంలో తేవడానికి 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు. మీ పుస్తకంలో ఈ రెండో పేరు లేకపోతే ఆ అధ్యాయం వరకైనా కొత్త ముద్రణ చూసి చదవండి.