మంట లేని వంటింట్లో కాల్చిన వంకాయ పచ్చడి

అమెరికా అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కరెంటు పొయ్యే. అంతమాత్రాన కాల్చిన వంకాయ పచ్చడి మానుకోనక్కర్లేదు, ఓవెన్‌లో బ్రాయిల్ (పైనుంచి సెగ తగిలే సెట్టింగ్) ఉంటే చాలు. మంట మీద కాల్చినంత పొగ వాసన రాదు గానీ బాగా దగ్గరగా వస్తుంది.

బేక్‌లో పెడితే వంకాయ మెత్తగా ఉడుకుతుంది, తొక్క మాత్రం కాలదు. బ్రాయిల్‌లో పైనున్న కాయిల్ సెగ నేరుగా తగులుతుంది. అదీ పైవైపే, కాబట్టి తిప్పుతూ ఉండాల్సిందే.

బ్రాయిల్‌ని హై మీద పెట్టి ఓవెన్‌ని 5 నిమిషాలు కాగనివ్వండి. పెద్ద వంకాయను తడి లేకుండా తుడిచి, ఫోర్కుతో ఏడెనిమిది చోట్ల లోతుగా పొడవండి. లేకపోతే లోపలి ఆవిరికి కాయ పేలి ఓవెనంతా గుజ్జు. నూనె రాసి, ఫాయిల్ పరిచిన రేకు ట్రేలో పెట్టి, కాయకీ కాయిల్‌కీ మధ్య 4 అంగుళాలు ఉండేలా ర్యాక్ సర్దండి. మరీ దగ్గరైతే తొక్క బొగ్గవుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. 5-6 నిమిషాలకోసారి తిప్పుతూ 20-25 నిమిషాలు. కాడ దగ్గర చాకు సులువుగా దిగాలి, ఆఖరున ఉడికేది అక్కడే.

చివరి 5 నిమిషాల్లో గాటు పెట్టిన పచ్చిమిరపకాయలు, సగానికి కోసిన టమాటాలు పక్కన చేర్చొచ్చు.

గాజు పాత్రలు, పార్చ్‌మెంట్ కాగితం వద్దేవద్దు. గాజు పగలొచ్చు, కాగితం అంటుకోవచ్చు. తలుపు పూర్తిగా మూయాలా, కాస్త తెరిచి ఉంచాలా అన్నది ఓవెన్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి.

దించాక గిన్నెలో వేసి 10 నిమిషాలు మూత పెడితే తొక్క ఊడొస్తుంది. నీళ్ల కింద మాత్రం కడగొద్దు, కాలిన రుచంతా కొట్టుకుపోతుంది.