కప్పల వ్యాపారం అమ్మేయాలా?

చెక్క కప్పలు చేసి అమ్ముతానని ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది కొర్రమీను కోసం రాడ్‌కి కట్టి నీటి మీద లాగే బొమ్మ కప్ప, వెనక జోడు గాలం, తోకకి గిరగిరా తిరిగే చిన్న రేకు, రబ్బరు కుచ్చు. తామరాకుల మీద, గుర్రపుడెక్క సందుల్లో గెంతించుకుంటూ లాగితే కింద పొంచి ఉన్న చేప నిజం కప్పే అనుకుని ఎగిరి అందుకుంటుంది. ఒక్కోటి ₹350. ఇప్పుడు ఈ వ్యాపారం మొత్తం కొంటానని ఒకాయన వచ్చాడు, వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ.

ఆయనకి ఫిషింగ్ సామాన్ల షాపు ఉంది, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతాడు. మనిషి మంచివాడే, మాట కూడా సూటిగానే చెప్పాడు. పేరు, ఇన్‌స్టా పేజీ, కస్టమర్ల నంబర్లు, కొలతల అట్టలు, ఉన్న సరుకు అన్నీ కావాలట. ఏడాదిపాటు తన మనుషులకి పని నేర్పాలట. ఆ తర్వాత ఐదేళ్లు నేను ఎక్కడా కప్ప చేసి అమ్మకూడదట. ఎంత ఇస్తానన్నాడో రాయను కానీ, ఇంటి లోన్‌లో పెద్ద భాగమే తీరుతుంది. మా ఆవిడ ఆ అంకె విన్న దగ్గర్నుంచి నాతో చాలా ప్రేమగా మాట్లాడుతోంది, అదొక అనుమానం.

ముందు నిజం చెప్పుకోవాలి, నాకు విసుగొచ్చింది. వానలు మొదలై చెరువులు నిండాయంటే ఆర్డర్లు వరదలా వస్తాయి, సరిగ్గా అదే సమయంలో గాలిలో తేమ ఎక్కువై, కప్ప మీద నీళ్లు ఇంకకుండా వేసే ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూత పాలలా తెల్లబడి పాడవుతుంది. రాత్రి పదకొండింటికి "అన్నా, పార్సిల్ ఎక్కడిదాకా వచ్చింది" అని ఫోన్. కొరియర్‌లో కుచ్చు నలిగితే నాకే తిట్లు. ఇక వేరే రాష్ట్రానికి సరుకు పంపితే మాలాంటి చిన్నవాళ్లకి కూడా, టర్నోవర్ ఎంత తక్కువైనా, జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలన్నాడు ఆడిటర్. కేరళ, అస్సాం నుంచి అడిగేవాళ్లే ఎక్కువ కాబట్టి ఆ రిటర్న్‌ల టెన్షన్ కూడా తగులుకుంది. ఇవన్నీ ఎవరైనా తీసుకుపోతానంటే కాళ్లకి దండం పెట్టి ఇస్తాను.

కానీ ఆయన కొంటానన్నది వీటిని కాదు కదా. ప్యాకింగ్‌కీ ఫోన్లకీ ఆయన దగ్గర కుర్రాళ్లున్నారు. కావలసిందల్లా పేరు. నేను వదిలించుకోవాలనుకునేవి ఆయనకి అక్కర్లేదు, ఆయన అడుగుతున్నవి నేను వదులుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. ఈ సంగతి బుర్రకెక్కడానికి నాకు చాలా రోజులే పట్టింది, ఎందుకంటే మధ్యలో ఆ అంకె అడ్డం నిలబడి ఉంది.

ఆ పేరు దేనివల్ల వచ్చిందో కూడా చెప్పాలి. చెక్క వల్ల. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్కే నేనూ వాడతాను, చాలా తేలిక, ఉలి పెడితే వెన్నలా లొంగుతుంది. బొమ్మల కాలనీలో నాకు తెలిసిన బాబాయి ఒకాయన బొమ్మకి పనికిరాని ముక్కలు పక్కన పెట్టి ఇస్తాడు, సన్నటి సెగ మీద తడి పోగొట్టడం కూడా ఆయన దగ్గరే చూశాను. ఆ తడి పూర్తిగా పోకపోతే పూత లోపల చెక్క ఉబ్బి పగులుతుంది. తర్వాత అసలు పని, బరువు. తోక వైపు పొట్టలో తొలిచి సీసం గుండు కూర్చాలి. కప్ప నీళ్లలో ముక్కు పైకెత్తి, వెనక భాగం కొంచెం మునిగి కూర్చోవాలి, అప్పుడే గాలం చేప నోట్లో సరిగ్గా దిగుతుంది. ఏ రెండు ముక్కల బరువూ ఒకటి కాదు కాబట్టి ప్రతి కప్పనీ బకెట్‌లో వేసి చూసి, సీసం గీకి, మళ్లీ వేయాలి. రంగుల సంగతి అయితే నవ్వొస్తుంది, చేపకి కింద నుంచి కనబడేది పొట్టే, వెన్ను మీద నేను వేసే చుక్కలన్నీ కొనే మనిషి కోసం.

పొణికి ఇప్పుడు బొమ్మలవాళ్లకే చాలడం లేదు. అది ఆయనకి చెబితే "ప్లాస్టిక్‌లో పోయిద్దాం అన్నా, షేప్ నీదే కదా" అన్నాడు. తప్పేం కాదు, ఆయన లెక్క ఆయనది. రపాలా సంగతి కూడా ఆయనే ఎత్తాడు. ఫిన్లండ్‌లో లౌరి రపాలా అనే జాలరి 1936లో చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో బెండు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి మొదటి ఎర చేశాడు, ఈ రోజు ఆ పేరు ప్రపంచమంతా ఉంది, చేత్తో చెక్కేదగ్గరే ఆగి ఉంటే ఉండేదా అని. మంచి ప్రశ్నే. కాకపోతే రపాలా తన పేరు ఇంకొకడికి ఇచ్చి తను చెక్కడం మానేస్తానని రాసివ్వలేదు, ఇంట్లోవాళ్లతో కలిసి తనే పెంచుకున్నాడు.

ఐదేళ్ల షరతు గురించి లాయర్ ఫ్రెండ్‌ని అడిగాను. ఉద్యోగం మానేసిన మనిషిని "నువ్వు ఈ పని చెయ్యకూడదు" అని కట్టేసే ఒప్పందం మన దగ్గర చెల్లదట, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ అదే చెబుతుంది. నేను ధీమాగా నవ్వేలోపే వాడు అదే సెక్షన్‌లో మినహాయింపు చదివాడు. వ్యాపారం గుడ్‌విల్‌తో, అంటే దానికున్న మంచి పేరుతో సహా అమ్మినవాడు ఫలానా ప్రాంతంలో అదే వ్యాపారం చెయ్యనని రాసిస్తే, ఆ హద్దులు కోర్టుకి సబబుగా అనిపిస్తే, అది చెల్లుతుంది. అంటే ఉత్తుత్తి షరతు కాదు. మా ఆవిడకి ఇది చెబితే "ఐదేళ్లు సాయంత్రాలు నువ్వేం చేస్తావు, టీవీ ముందు కూర్చుంటావా" అంది. అంకె విన్నాక ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి వ్యతిరేక మాట అదే.

ఇంకొకటి. కస్టమర్ల నంబర్లు. వాళ్లు నాకు ఇచ్చిన నంబర్లు అవి, ఏ చెరువులో ఏం పడిందో ఫోటోలు పెట్టేది నాకు. వాటిని సరుకుతో పాటు లెక్కగట్టి ఇవ్వడం నాకు నచ్చలేదు, ఎంత ఇచ్చినా ఇవ్వను.

కాబట్టి నిన్న ఆయనకి వేరే లెక్క పంపాను. చిన్న సైజు కప్ప కొలతలు ఇస్తాను, ప్లాస్టిక్‌లో పోసుకోండి, మీ పేరుతోనే అమ్ముకోండి, దానికింత అని ఒక్కసారి ఇవ్వండి. పని నేర్పడానికి వేరే డబ్బు. నా చెక్క కప్పలు కూడా మీ షాపులో పెట్టండి, ప్యాకింగ్, కొరియర్, ఫోన్లు మీవి, కమిషన్ తీసుకోండి. పేరు, పేజీ నావి. ఐదేళ్ల షరతు లేదు. లోన్ సగం కాదు కదా పావు కూడా తీరదు దీనితో, ఆ సంగతి ఇంట్లో చెప్పేశాను.

"ఆలోచించి చెబుతా" అన్నాడు. ఒప్పుకోకపోయినా ఈ నెలలోనే పేరుకి ట్రేడ్‌మార్క్ అప్లై చేస్తున్నాను, ఫిషింగ్ సామాను 28వ క్లాసులోకి వస్తుంది, కంపెనీ లేకుండా సొంత పేరు మీద చేసుకునే నాలాంటివాడికి ఆన్‌లైన్‌లో ₹4,500 ఫీజు, ఒకసారి వస్తే పదేళ్లు ఉంటుంది. ఆర్డర్లు మామూలుగానే తీసుకుంటున్నాను. రాత్రి తొమ్మిది దాటితే మాత్రం ఫోన్ చెయ్యకండి, మెసేజ్ పెట్టండి.