ఓకరిస్తున్నాడు, ఏమీ రావట్లేదు

మా బ్రూనో జర్మన్ షెపర్డ్ జాతి కుక్క. వయసు పైబడుతున్నా హుషారుగానే ఉండేవాడు. ఆ రాత్రి తిన్న కాసేపటికి గదంతా తిరగడం మొదలుపెట్టాడు. పడుకుంటాడు, వెంటనే లేస్తాడు, తల తిప్పి పొట్టకేసి చూసుకుంటాడు. ఆ తరవాత ఓకరింతలు. మెడ చాచి, ఒళ్ళంతా కుదిపేసుకుని ఓకరిస్తాడు. తీరా చూస్తే చొంగ, కాస్త తెల్లటి నురగ తప్ప ఏమీ పడదు.

కుక్కలు కక్కుకోవడం మామూలే. కక్కేసి, తోక ఊపుకుంటూ మళ్ళీ ఆటలో పడతాయి. ఎంత ఓకరించినా ఏమీ రాకపోతే మాత్రం ప్రాణం మీదికి వచ్చిందనే అనుకోవాలి. జీర్ణాశయం గ్యాస్‌తో ఉబ్బి మెలి తిరిగిపోతే పైదారి, కిందిదారి రెండూ మూసుకుపోతాయి. డాక్టర్లు జీడీవీ అంటారు, పెంచుకునేవాళ్ళం బ్లోట్ అంటాం. గ్రేట్ డేన్, డాబర్‌మాన్, షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులకు ఈ ముప్పు ఎక్కువ.

పొట్ట తడిమి చూశాను. పెద్దగా ఉబ్బు తెలియలేదు. అయినా నాకు ధైర్యం రాలేదు, ఎందుకంటే ఈ జాతుల్లో ఉబ్బిన జీర్ణాశయం పక్కటెముకల చాటునే ఉండిపోవచ్చు. పొట్ట డప్పులా బిగుసుకునేదాకా ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపే గులాబీ రంగు తిరిగి రావాలి. రాలేదు.

గ్యాస్ మందు ఏదైనా పోద్దామా అంది మా ఆవిడ. వద్దన్నాను. మెలి పడితే నోట్లో పోసింది లోపలికి దిగదు, ఓకరించేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. తను ఆస్పత్రికి ఫోన్ చేసింది, నేను వాణ్ణి కారెక్కించాను. ఫోన్లో ముందు అడగాల్సింది ఒకటే: ఈ వేళప్పుడు ఆపరేషన్ చేసే డాక్టర్ ఉన్నారా? లేకపోతే దారిలోనే ఇంకో ఆస్పత్రి చూసుకోవచ్చు.

వెళ్ళగానే రెండు ముందుకాళ్ళకీ సెలైన్ పెట్టారు. ఉబ్బిన జీర్ణాశయం పొట్టలోని పెద్ద సిరను నొక్కేస్తుంది కాబట్టి వెనక కాళ్ళకు ఎక్కిస్తే గుండెకు సరిగా చేరదట. సూదితో కొంత గ్యాస్ తీసి, కుడివైపు పడుకోబెట్టి ఎక్స్‌రే తీశారు. మధ్యలో గీత, దానికి అటూ ఇటూ రెండు నల్లటి బుడగలు. మెలి పడిందనడానికి అదే గుర్తట.

"గ్యాస్ తీసినంత మాత్రాన మెలి విడిపోదండీ, ఆపరేషన్ చెయ్యాల్సిందే. లోపల ఎంత పాడైందో తెరిచి చూస్తేగానీ చెప్పలేం," అన్నారు డాక్టరు గారు. సంతకం పెట్టాను.

జీర్ణాశయాన్ని సరిచేశాక దాని రంగు మళ్ళీ తేరుకుందట. దాంతోపాటే మెలి తిరిగిన ప్లీహాన్ని (పక్కనే ఉండే స్ప్లీన్‌ని) మాత్రం తీసెయ్యాల్సి వచ్చింది. చివరగా జీర్ణాశయాన్ని కుడివైపు పొట్టగోడకు కలిపి కుట్టారు. దీన్ని గ్యాస్ట్రోపెక్సీ అంటారు. అది చెయ్యకుండా వదిలేస్తే సగానికి పైగా కుక్కల్లో మళ్ళీ మెలి పడుతుంది. చేసినా గ్యాస్ పట్టొచ్చు, మెలి పడటం మాత్రం చాలా అరుదు.

ఆపరేషన్ అయిపోయిందంటే గండం గడిచినట్టేనని అనుకున్నాం. కానీ ఆ తరవాతి రెండు మూడు రోజులు గుండె లయ తప్పే అవకాశం ఉందని ఈసీజీ పెట్టి ఉంచారు. మావాడికి నిజంగానే తప్పింది, మందులతో కుదుటపడింది. అందుకే త్వరగా ఇంటికి తీసుకెళ్తామని డాక్టర్లను తొందరపెట్టకండి.

ఇప్పుడు ఒకేసారి కడుపునిండా పెట్టకుండా, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పెడుతున్నాం. గబగబా మింగెయ్యకుండా గతుకులున్న గిన్నె కొన్నాం. మీది పెద్ద జాతి కుక్కయితే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే గ్యాస్ట్రోపెక్సీ కూడా చేస్తారేమో మీ డాక్టర్ని అడగండి. రాత్రిపూట ఆపరేషన్ చేసే ఆస్పత్రి నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ వేసి ఉంచండి.