పానిగాలే వి2 లాగ్‌బుక్: బెంగళూరు నుంచి తెచ్చుకున్న ఎర్ర బండి

జనవరి, ఓడోమీటర్ 9,400

బండి 2021 డుకాటీ పానిగాలే వి2. సెకండ్ హ్యాండ్, బెంగళూరు రిజిస్ట్రేషన్. 955 సీసీ, రెండు సిలిండర్లు, 155 హెచ్‌పీ, ట్యాంకు నిండితే దాదాపు 200 కిలోలు. 2020 ఆగస్టులో ఇండియాకు వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 16.99 లక్షలు. నేను ఎంతకు కొన్నానో మాత్రం రాయను, ఇంట్లో చెప్పిన లెక్క వేరు.

కొత్తది ఎందుకు తీసుకోలేదని చాలామంది అడిగారు. మొదటి కారణం డబ్బు. 350 సీసీ దాటిన బైకుల మీద 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 40 శాతం. రెండో కారణం ఇంజిన్. 2025లో వచ్చిన వి2కి పేరు పాతదే గానీ లోపల అంతా వేరే: 890 సీసీ, 120 హెచ్‌పీ, వాల్వులకు మామూలు స్ప్రింగులు. బరువు బాగా తగ్గింది. మన రోడ్లకు అదే మేలైన బండి అని ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. కాకపోతే నాకు డెస్మో ఇంజిన్ కావాలి, అంటే వాల్వులు మూయడానికి స్ప్రింగుల మీద ఆధారపడనిది. దాని సంగతి సర్వీస్ దగ్గర రాస్తాను.

సెకండ్ హ్యాండ్ సూపర్‌బైక్ చూడ్డానికి వెళ్తే ముందు పెయింట్ వైపు చూడకండి. ఫుట్‌పెగ్ చివర్లు, లివర్ చివర్లు, ఇంజిన్ కవర్ల అడుగు భాగం చూడండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, స్టీరింగ్ స్టాప్ (హ్యాండిల్ అంతకు మించి తిరగకుండా ఆపే దిమ్మ) నొక్కుకుపోయిందేమో చూడండి. నొక్కుకుపోయి ఉంటే బండి గట్టిగానే పడి ఉంటుంది, ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) ఎంత కొత్తగా మెరిసినా సరే. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్) గొట్టాల మీద ఆయిల్ తడి ఉందా, తాళాలు రెండూ ఉన్నాయా, సర్వీస్ రికార్డు ఏడాదికొకసారైనా ఉందా చూసుకోవాలి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నేను చూసిన బండికి ట్రెడ్ బ్రహ్మాండంగా ఉంది, టైర్లు మాత్రం బండితో పాటు పుట్టినవే. ఆ మేరకు ధర తగ్గించారు.

వేరే రాష్ట్రం బండి కాబట్టి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ హైదరాబాద్‌లో మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. అక్కడ కట్టిన దాంట్లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు, దానికి ఓపిక వేరే కావాలి. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ఒక్కటే అయితే ఏడాదికి 2,804 రూపాయలు. ఆ అంకె చూసి సంబరపడొద్దు. ఒక్క ఫెయిరింగ్ ముక్క ధరకు మామూలు స్కూటీ వచ్చే లోకంలో ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కవర్), జీరో డెప్ (పాతబడిన లెక్కన కోత లేకుండా ఇచ్చే కవర్) లేకుండా తిరగలేం. అసలు ప్రీమియం అక్కడుంది.

ఫిబ్రవరి

హైదరాబాద్‌లో ఈ బండి ఎక్కడ నడపాలి అనేదే పెద్ద ప్రశ్న. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, టూవీలర్‌కు అందులోకి ప్రవేశం లేదు. పక్కనే సర్వీస్ రోడ్డు మీద లారీలు, గేదెలు, రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోల మధ్య 155 గుర్రాలను మేపుకుంటూ పోవాలి. నాలుగు లేన్ల జాతీయ రహదారుల మీద కూడా బైకుకు పరిమితి గంటకు 80. ఈ బండి ఫస్ట్ గేర్‌లోనే ఆ అంకె దాటుతుంది. మిగతా ఐదు గేర్లూ కొన్నది ఎందుకని మా బామ్మర్ది అడిగాడు. జవాబు చెప్పలేదు.

ప్రస్తుతానికి నాకు కుదిరిన దారి శ్రీశైలం రోడ్డు. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు దాటాక ట్రాఫిక్ పలచబడుతుంది, డిండి దాకా రోడ్డు హాయిగా ఉంటుంది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. అందుకని నాలుగింటికి ఇంట్లోంచి బయలుదేరితే గేటు తీసే వేళకు అక్కడుంటాం. గేటు దాటాక అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అక్కడ వేగం సంగతి మర్చిపోవాలి. కోతులు రోడ్డు మధ్యలోనే సంసారం చేస్తుంటాయి, స్పీడ్ బ్రేకర్లకు లెక్కలేదు. చాలాసార్లు నేను మన్ననూరులో టీ తాగి వెనక్కి తిరిగేస్తున్నాను.

ఏప్రిల్

వేడి. ఈ బండి గురించి ఎవరైనా ఒకే ఒక్క ప్రశ్న అడగాలనుకుంటే ఇదే అడగాలి. రెండు సిలిండర్లలో ఒకటి నిలువుగా, సరిగ్గా సీటు కింద ఉంటుంది. దాని ఎగ్జాస్ట్ పైపు తొడ పక్కనుంచే కిందికి దిగుతుంది. రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ ఏమీ తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగితే కూలెంట్ టెంపరేచర్ చూస్తుండగానే వంద దాటుతుంది, ఫ్యాన్ మొదలై ఆ వేడి గాలంతా కాళ్ల మీదికి కొడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం కూకట్‌పల్లిలో ఇరుక్కుంటే కుంపటి మీద కూర్చున్నట్టే.

దీనికి మందు లేదు, సర్దుబాట్లే ఉన్నాయి. జీన్స్ వద్దు, మోకాలి దాకా లైనింగ్ ఉన్న రైడింగ్ ప్యాంట్ వేసుకుంటే సగం తట్టుకోగలం. అర నిమిషం దాటే సిగ్నల్‌లో ఇంజిన్ ఆపేస్తాను. ఉదయం ఎనిమిదిన్నరకల్లా బండి సెల్లార్‌లో ఉండాలి, ఇది నియమం. ఆఫీసుకు తీసుకెళ్లే ప్రశ్నే లేదు, దానికి యాక్టివా ఉంది.

పెట్రోలు గురించి కూడా ఒక మాట. కంప్రెషన్ 12.5:1 కాబట్టి 95 ఆక్టేన్ పోయాలి. హెచ్‌పీ వాళ్ల పవర్ 95, ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ95 సరిపోతాయి. ఎక్స్‌పీ100 కూడా పోసి చూశాను, జేబు తేలికైంది తప్ప నా కుడి చేతికి తేడా తెలియలేదు. 17 లీటర్ల ట్యాంకుకు హైవే మీద రెండొందల కిలోమీటర్లు దాటి, మరీ సాహసించకుండా మళ్లీ పోయించుకుంటాను. కల్వకుర్తి దాటాక ఇలాంటి ప్రీమియం పెట్రోలు దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, హైదరాబాద్‌లోనే నింపుకోవాలి.

మే

ఈ నెల ఎండకు బండి పెద్దగా బయటికి తీయలేదు, సస్పెన్షన్ సెట్ చేశాం. కొన్న రోజు నుంచి గుంత కనిపిస్తే నడుముకు ముందే తెలిసిపోయేది. బండి తీరే అంత అనుకునేవాళ్లు చాలామంది, వాళ్లంతా ఒక్కసారి సాగ్ కొలిచి చూడాలి. ముందు షోవా కంపెనీ ఫోర్కు, వెనక సాక్స్ కంపెనీ షాక్ రెండింటికీ ప్రీలోడ్ (స్ప్రింగు ముందస్తు బిగువు), కంప్రెషన్ (కుంగే వేగం), రీబౌండ్ (తిరిగి లేచే వేగం) మార్చుకోవచ్చు. ఇంత డబ్బు పోసి కొన్న బండిలో బాగా ఉపయోగపడేవి ఆ స్క్రూలే. చాలామంది వాటిని ముట్టుకోనే ముట్టుకోరు.

సాగ్ అంటే మనం కూర్చున్నప్పుడు సస్పెన్షన్ ఎంత కుంగుతుందో ఆ కొలత. ముందు చక్రం కదలిక 120 మిల్లీమీటర్లు, వెనక 130. అందులో సుమారు 30 శాతం రైడర్ బరువుకే కుంగాలి, అంటే ముందు 36, వెనక 39 దరిదాపు. రోడ్డుకు వెనక కాస్త తక్కువున్నా పరవాలేదు.

కావలసినవి ఒక కేబుల్ టై, స్టీల్ స్కేలు, ఇద్దరు మనుషులు. నాకు మా బామ్మర్ది, వాచ్‌మన్ అన్న దొరికారు. ఫోర్క్ గొట్టానికి కేబుల్ టై బిగించాం. ఇద్దరూ హ్యాండిల్ పట్టుకుని ముందు చక్రం గాల్లోకి లేచేలా ఎత్తారు, బయటికి కనిపించే గొట్టం పొడవు కొలిచాం. తర్వాత నేను జాకెట్, హెల్మెట్, బూట్లతో సహా రైడింగ్ పొజిషన్‌లో కూర్చున్నాను. ఇక్కడో కిటుకు ఉంది. సీళ్ల రాపిడి వల్ల ఫోర్కు ప్రతిసారీ ఒకే చోట ఆగదు. అందుకని ఒకసారి కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలవాలి, ఇంకోసారి పైకి లాగి మెల్లగా వదిలి కొలవాలి, రెండింటి సగటు తీసుకోవాలి. మొదటి పొడవులోంచి దాన్ని తీసేస్తే సాగ్. వెనక కూడా అంతే, యాక్సిల్ నుంచి టెయిల్ మీద టేపు అంటించిన ఒక గుర్తు దాకా.

"బావా, బండి నడపడానికి కొన్నావా, కొలవడానికి కొన్నావా?" అన్నాడు మా వాడు, మూడోసారి ఎత్తమన్నప్పుడు.

ముందు 26, వెనక 22 వచ్చింది. జాకెట్, హెల్మెట్, బూట్లతో కలిపి నేను 72 కిలోలు. పాత ఓనర్ నాకన్నా బాగా బరువైన మనిషి, ఆయనకు తగ్గట్టు బిగించి పెట్టుకున్నాడు. ప్రీలోడ్ తగ్గిస్తూ పోతే ముందు 35, వెనక 32 దగ్గర నిలిచింది. వెనక షాక్ కాలర్ తిప్పడానికి సి ఆకారం పానా కావాలి, సుత్తి ఉలి పెట్టి కొట్టే పని చేయించుకోవద్దు. తర్వాత కంప్రెషన్ రెండు చివర్లా కొన్ని క్లిక్కులు వదులు చేశాను. ఏ స్క్రూ ముట్టుకున్నా ముందు పూర్తిగా లోపలికి, మెల్లగా, తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవాలి. లేకపోతే వెనక్కి వచ్చే దారి ఉండదు.

మర్నాడు తెల్లవారుజామున అదే తుక్కుగూడ రోడ్డు మీద వెళ్తే బండి మారిపోయినట్టుంది. అతుకుల మీద ఎగరడం లేదు, బ్రేకు వేస్తే ముందు భాగం తగినంత కుంగి టైరును రోడ్డుకు అదుముతోంది. ఖర్చు సున్నా, వాచ్‌మన్ అన్నకు ఇచ్చిన టీ డబ్బులు తప్ప.

జూలై

వానలు. బండి ఎక్కువగా సెల్లార్‌లోనే. ఊరికే నిలబడినా అలారం, ఎలక్ట్రానిక్స్ బ్యాటరీని మెల్లగా తాగుతూనే ఉంటాయి. అందుకే గోడ ప్లగ్గుకు ట్రికిల్ చార్జర్ శాశ్వతంగా తగిలించాను. ఎలుకలు ఇంకో బెడద. మా పక్క కారు వైరింగ్ కొరికేశాయి. రెండు మూడు వారాలకొకసారి సీటు తీసి టార్చ్ వేసి చూస్తున్నాను, సిల్వర్ కవర్ కింద నాఫ్తలిన్ ఉండలు. శాస్త్రీయమో కాదో గానీ ఇంతవరకు ఏమీ కొరకలేదు.

వాన తడిసిన ప్రతిసారీ చైన్ కిరోసిన్‌తో తుడిచి, ఆరాక లూబ్. చైన్ బిగించడం మాత్రం మామూలు బైకులా ఉండదు. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చెయ్యి) ఒకవైపే ఉంది కాబట్టి పక్క బోల్టులు వదులు చేసి గుండ్రటి హబ్‌నే తిప్పాలి. చక్రం ఒక్క పెద్ద నట్టుతో ఊడొస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ నట్టుకు సరిపడే సాకెట్, పెద్ద టార్క్ రెంచ్ మాత్రం ఏ పంక్చర్ షాపులోనూ ఉండవు. ఆమనగల్లు దగ్గర మేకు దిగినప్పుడు షాపులో కుర్రాడు బండి చుట్టూ తిరిగి, "అన్నా, ఇది మన పానాలకు ఊడదు" అన్నాడు. ఊడక్కర్లేదు, ట్యూబ్‌లెస్ కదా, చక్రం బండి మీదుండగానే నా కిట్‌లోని ప్లగ్ దోపాడు. నెమ్మదిగా ఇంటికొచ్చి టైరు మార్చేశాను. ప్లగ్ వేసిన టైరుతో ఈ బండి వేగాలు నాకు ఇష్టం లేదు.

అక్టోబరు, 12,800

ఏడాది సర్వీస్ అయింది. 12,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఆయిల్, ఫిల్టర్లు, చెకింగ్. బిల్లు భయపడినంత లేదు. భయపడాల్సింది 24,000 దగ్గర వచ్చే డెస్మో సర్వీస్‌కు.

మామూలు ఇంజిన్‌లో క్యామ్ అనే తిరిగే ముక్క వాల్వును తెరుస్తుంది, స్ప్రింగ్ మూస్తుంది. వేగం బాగా పెరిగితే స్ప్రింగ్ వెనకబడొచ్చు. ఇంజినీరు ఫాబియో తగ్లియోనీ 1956లో డుకాటీ రేసు బండికి చేసిన పని ఏమిటంటే, మూయడానికి కూడా ఒక క్యామ్, ఒక రాకర్ (చిన్న మీట) పెట్టడం. అదే డెస్మో. అందుకని ప్రతి వాల్వుకూ రెండు సందులు కొలవాలి, తెరిచే వైపు ఒకటి, మూసే వైపు ఒకటి. నా బండికి ఎనిమిది వాల్వులు, అంటే పదహారు కొలతలు. తేడా ఉన్నచోట షిమ్ (సందు సరిచేసే చిన్న లోహపు బిళ్ల) మార్చాలి. పైగా ఇంజినే ఫ్రేములో భాగం కాబట్టి వెనక సిలిండర్ దాకా వెళ్లడానికి ట్యాంకు, ఎయిర్‌బాక్స్ అన్నీ దింపాలి. డబ్బంతా ఆ కూలీదే. కాస్త ఊరట ఏమిటంటే ఈ సూపర్‌క్వాడ్రో ఇంజిన్‌లో క్యామ్‌లకు బెల్టులు లేవు, చైన్, గేర్లు. పాత డుకాటీల్లా బెల్టుల ఖర్చు లేదు. నెలకు కొంత పక్కన పెట్టడం ఇప్పటి నుంచే మొదలుపెట్టాను.

డిసెంబరు

చెన్నై వెళ్లొచ్చాను. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల ట్రాక్, ల్యాప్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. నలుగురం కలిసి డీసీఎం మాట్లాడుకుని బండ్లు ఎక్కించాం. ముందు చక్రానికి చాక్ (కదలకుండా పట్టే దిమ్మ), హ్యాండిల్‌కు సాఫ్ట్ లూప్‌లు, రాట్చెట్ పట్టీలు. ఫోర్కును మరీ కుంగదీసి కడితే దారంతా సీళ్ల మీద భారం, సగం కుంగితే చాలు. పట్టీ ఫెయిరింగ్‌కు తగిలే ప్రతిచోటా పాత టవల్ పెట్టాం.

వన్ పీస్ లెదర్ సూట్ తప్పనిసరి. అద్దాలు తీసేసి, లైట్లకు టేపు వేశాం. వెనక టైరులో చల్లగా 30 పీఎస్‌ఐతో దిగితే సెషన్ అయ్యేసరికి 35 దాటింది. బయటికి రాగానే, బండి ఆపిన మొదటి నిమిషంలోనే కొలవాలి, చల్లారాక కొలిస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. మే నెలలో వదులు చేసిన కంప్రెషన్ ఇక్కడ చాలలేదు. పుస్తకంలో లెక్క ఉంది కాబట్టి రెండు నిమిషాల్లో బిగించి, మధ్యాహ్నం సెషన్‌కు తేడా చూశాను. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు ముందు భాగం దబ్బున పడటం ఆగింది.

అన్నట్టు, డిసెంబరులో కూడా చెన్నైలో ఎండే. అయినా ఒక్కసారి కూడా కాళ్లకు వేడి తగల్లేదు. ఆగితేగా!

చివరి సెషన్‌కల్లా బ్రేకు లివర్ కాస్త మెత్తబడింది, ఫ్లూయిడ్ పాతది. వచ్చే నెల పని అదే: ఫ్లూయిడ్ మార్చి గాలి తీయించడం, ముందు ప్యాడ్ల మందం చూడడం, శ్రీశైలం సెట్టింగు క్లిక్కులు మళ్లీ పెట్టుకోవడం. ట్రాక్ సెట్టింగు లెక్కలు అదే పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాశాను.