నల్లగుడ్డు మీద పువ్వు

మా మేనమామ కూతురి పెళ్లి మాఘమాసంలో చీపురుపల్లిలో జరిగింది. అంతకు వారం ముందు, విజయనగరంలో గంటస్తంభం దగ్గర చీరకు తగిన గాజుల కోసం వెళ్ళినప్పుడు, అదే ఫ్యాన్సీ దుకాణంలో జడగంటలకూ లిప్‌స్టిక్కులకూ పక్కన తేనెరంగు కాంటాక్టు లెన్సుల జత ఒకటి కనిపించింది. ధర 400 రూపాయలు. “పవరు లేనివేనమ్మా, ఎవరికైనా సరిపోతాయి” అన్నాడు దుకాణదారు. నాకు చూపులో దోషం లేదు, కళ్ళజోడు ఏనాడూ పెట్టుకోలేదు. అందువల్ల పవరు లేదన్న మాట ప్రమాదం లేదన్నట్టుగానే నా చెవికి వినిపించింది. సీసా మీద 8.6, 14.5 అని రెండు అంకెలు ముద్రించి ఉంటే అవి సరుకు నంబర్లనుకున్నాను. మొదటిది లెన్సు లోపలి వంపును, రెండోది దాని వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతాయనీ, కొనేవారి కంటిని కొలిచి చూసిన తరువాతనే వాటిని ఎంచుకోవాలనీ ఆసుపత్రి మంచం మీద తెలుసుకున్నాను.

లెన్సుల సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. “ఈ వేషాలెందుకే” అని అమ్మ అంటుందని నాకు తెలుసు. ఆ దాపరికమే నా జబ్బును రెండు రోజులు ముదరబెట్టింది.

ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు. కల్యాణ మండపంలో ముస్తాబవుతుండగా ఒక లెన్సు జారి సింకులో పడింది. దాన్ని కుళాయి నీటితో కడిగి, కాటుక అంటిన వేలితోనే తిరిగి పెట్టుకున్నాను. తలంబ్రాలయ్యాక జంపఖానా మీద ఒరిగి, లెన్సులు తీయకుండానే తెల్లవారి ఏడింటి దాకా నిద్రపోయాను. లేచి తీయబోతే కుడి లెన్సు కంటికి అతుక్కుపోయి, ఎంతో సేపటికి గాని రాలేదు.

సాయంత్రానికి కంట్లో ఇసుక పోసినట్టయింది. మరునాటికి కన్ను ఎర్రబడి, రెప్పలు పుసులతో అంటుకుపోయాయి. “ఏటైనాదే కంటికి?” అని అమ్మ అడిగితే కళ్ళకలక అన్నాను. నాయనమ్మ నందివర్ధనం పూలు కోయించి రెప్పల మీద పెట్టింది. ఆ చల్లదనం హాయిగానే ఉండింది. చనుబాలు పోయించమన్న చుట్టాల మాట మాత్రం వినలేదు. మందుల దుకాణంలో కూడా కళ్ళకలక అనే చెప్పి చుక్కల మందు తెచ్చుకున్నాను. అందులో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉంది. స్టెరాయిడ్ వాపునూ ఎరుపునూ అణచివేస్తుంది గాని, క్రిమి మీద పోరాడవలసిన శరీర రక్షణను కూడా అదే అణచివేస్తుంది. ఒక పూట కన్ను తేటపడినట్టే కనిపించింది. ఆ రాత్రి మొదలైన నొప్పిని ఏ పోలికతో చెప్పాలో నాకు ఇప్పటికీ తోచదు. సెల్‌ఫోను వెలుగు సైతం సూదిలా దిగేది.

పట్టణంలోని కంటి వైద్యురాలు పచ్చని రంగు పట్టే చుక్క వేసి, నీలి కాంతిలో చూసి, నేను నోరు తెరవకముందే “లెన్సులు పెట్టుకున్నావా తల్లీ?” అని అడిగారు. నల్లగుడ్డు మీద 3 మిల్లీమీటర్ల పుండు పడిందనీ, వెంటనే విశాఖపట్నం వెళ్ళాలనీ చెప్పారు. సుమారు 60 కిలోమీటర్ల ఆ దారంతా తల మీద అమ్మ కొంగు కప్పుకుని కూర్చున్నాను. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అక్కడ మొద్దుబార్చే చుక్కలు వేసి, పుండు అంచును సన్నని పరికరంతో గీకి, ఆ కాస్త పదార్థాన్ని పరీక్షకు పంపారు. లెన్సులనూ వాటి డబ్బానూ కూడా తెప్పించమన్నారు. పుండులోనూ డబ్బాలోని ద్రవంలోనూ సూడోమోనాస్ అనే బాక్టీరియాయే బయటపడింది. అది తడి ఉన్నచోటల్లా బతకగలదట, నల్లగుడ్డును ఒకటి రెండు రోజుల్లోనే కరిగించివేయగలదట. మొదటి రెండు రోజులు, రాత్రింబవళ్ళు, గంటకొకసారి రెండు రకాల చుక్కలు, వాటి మధ్య ఐదు నిమిషాల ఎడం. మా నాన్న గడియారంలో అలారం పెట్టుకుని మంచం పక్కనే నేల మీద పడుకున్నారు. కంటిపాపను విప్పార్చి ఉంచే మరో మందు నొప్పిని కొంత తగ్గించింది.

ఇంత చిన్న పొరపాటుకు ఇంత శిక్ష ఎందుకని నేను అడిగితే వైద్యుడు ఓపికగా వివరించారు. నల్లగుడ్డును కప్పిన పారదర్శకమైన పొరలో రక్తనాళాలు లేవు. దానికి కావలసిన ప్రాణవాయువులో ఎక్కువ భాగం గాలి నుండి, కన్నీటి ద్వారానే అందుతుంది. రెప్ప మూసి నిద్రపోతేనే ఆ సరఫరా తగ్గుతుంది, దాని కింద లెన్సు కూడా ఉంటే పైపొర నీరసించి చిన్న చిన్న గాట్లు పడతాయి, కొలత కుదరని లెన్సు వాటిని మరింత పెంచుతుంది, క్రిమికి అవే ద్వారాలవుతాయి. కొన్ని నాసిరకం లెన్సుల్లో రంగు పైకే ఉండి, ఆ గరుకుదనానికి బాక్టీరియా ఇంకా సులువుగా అంటుకుంటుందని కూడా చెప్పారు. అమెరికాలో 2005 నుండి చూపును సరిదిద్దని రంగు లెన్సులను సైతం చట్టం వైద్య పరికరాలుగానే లెక్కిస్తోందని తరువాత చదివాను. నేనేమో గాజులతో పాటు ఒకే సంచిలో వేసుకుని వచ్చాను.

ఐదు రోజులకు ఇంటికి పంపారు, పుండు మానడానికి ఐదు వారాలు పట్టింది. క్రిమి పూర్తిగా చచ్చిందని రూఢి చేసుకున్నాక, మచ్చ పలుచబడడానికి వైద్యుడు స్టెరాయిడ్ చుక్కలే రాశారు. సీసా చూసి నా చేయి వణికింది. ఆసుపత్రిలో చేరిన నాడు ఆ కంటితో మొదటి వరుసలోని పెద్ద అక్షరమైనా కనిపించలేదు. ఇప్పుడు 6/9 దాకా, అంటే మామూలు చూపు కంటే కాస్త తక్కువగా, చదవగలుగుతున్నాను. నల్లగుడ్డు మీద, కంటిపాపకు కాస్త పక్కగా, పలుచని తెల్లమచ్చ మిగిలింది. మా ఊరివాళ్ళు దాన్నే కంట్లో పువ్వు అంటారు. రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ దీపాలు ఆ కంటికి చెదిరిపోయి కనిపిస్తాయి, అందుకని చీకటి పడ్డాక స్కూటీ తీయడం మానుకున్నాను.

మొన్న మా పిన్ని కూతురు తన నిశ్చితార్థానికి బూడిదరంగు లెన్సులు కావాలంది. వద్దనలేదు, కంటి వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆమె కంటి వంపు కొలిచారు, కన్నీరు ఎంత ఊరుతోందో పరీక్షించారు. చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకున్నాకే లెన్సు ముట్టాలనీ, లెన్సుల ద్రావణం తప్ప కుళాయి నీళ్ళూ ఉమ్మీ తగలనివ్వకూడదనీ, డబ్బాలోని పాత ద్రావణాన్ని పారబోసి ప్రతిసారీ కొత్తది నింపాలనీ, మూడు నెలలకు మించి ఒకే డబ్బా వాడకూడదనీ, లెన్సు పెట్టుకున్నాకే కాటుక దిద్దుకుని, కాటుక తుడిచేముందే లెన్సు తీసేయాలనీ, నిద్రకూ స్నానానికీ ముందు తీయడం మరవకూడదనీ చెప్పుకొచ్చారు. మా చెల్లి శ్రద్ధగా తల ఊపింది. చివరికి ఆమె కళ్ళు బాగా పొడిబారి ఉన్నాయనీ, లెన్సులు ఇవ్వలేమనీ తేల్చారు. నిశ్చితార్థంలో చెల్లి నాతో పొడిపొడిగానే మాట్లాడింది.