జీతాలు ముందు, మిగతావి తర్వాత

లేఆఫ్ వార్తలు చూసినప్పుడల్లా నాకు 2009లో హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ గొడవే గుర్తొస్తుంది. నేను వేరే కంపెనీ, నా రూమ్మేట్ సత్యం. జనవరి 7న, కంపెనీ లెక్కల్ని ఏళ్ల తరబడి పెంచి చూపించామని ఒప్పుకుంటూ చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఆ వారంలోనే, మావాడికి చూసిన పెళ్లి సంబంధంలో అమ్మాయి తరఫు వాళ్లు ఫోన్ చేసి "కొన్నాళ్లు ఆగుదాం బాబూ" అన్నారు. పాపం, వాడు ఫోన్ పెట్టేసి మళ్లీ టీవీ ముందే కూర్చున్నాడు.

కేంద్రం పాత బోర్డును తీసేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్‌లను కొత్త డైరెక్టర్లుగా వేసింది, తర్వాత ఇంకో ముగ్గుర్ని. యాభై వేలమందికి పైగా ఉద్యోగులు. ఖాతాల్లో ఏది నిజమో ఎవరికీ తెలీదు. కొత్త బోర్డు ముందు పట్టుకున్నది జీతాలు, క్లయింట్లు. ప్రభుత్వం డబ్బు పోయలేదు, బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చారు. సరిచేసిన లెక్కలు ఇంకా చేతికి రాకుండానే వేలం పెట్టి, ఏప్రిల్‌లో షేరు 58 రూపాయలకు టెక్ మహీంద్రాకి అప్పజెప్పారు. లెక్కలన్నీ తేలేదాకా ఆగి ఉంటే అమ్మడానికి కంపెనీ మిగిలేది కాదని నా నమ్మకం.

అంతా సాఫీగా ఏం జరగలేదు. కొత్త యాజమాన్యం వచ్చాక పనిలేని వేలమందిని 'వర్చువల్ పూల్' అని బేసిక్ జీతంతో ఇంట్లో కూర్చోబెట్టారు. మావాడు అందులో లేడు, వాడి టీమ్‌మేట్ ఉన్నాడు. అతన్ని అడిగితే ఈ కథ ఇంకోలా చెబుతాడు.