రేటు ఒక జిల్లాది, కుకీ ఇంకో జిల్లాది: క్రాలర్‌తో నా అనుభవం

మా భీమవరం వైపు రొయ్యల రైతు పొద్దున్నే చూసేది రేటు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. 30 కౌంటుకీ 100 కౌంటుకీ రేటులో బాగా తేడా ఉంటుంది. జిల్లాలవారీగా ఈ రేట్లు సైట్ల నుంచి తనంతట తానే తెచ్చి రైతుల ఫోన్లకి పంపే ప్రోగ్రాం, అంటే క్రాలర్, ఒకటి నా చేతికి వచ్చింది. రాసింది హైదరాబాద్‌లో ఒక కంపెనీ. సర్వర్ మార్చడం, పేజీలోంచి అంకెలు తీయడం ఇబ్బంది లేకుండా అయిపోయాయి.

ఆ తర్వాతే ఆకివీడు నుంచి మా మామయ్య ఫోన్. “ఏరా అల్లుడూ, నెల్లూరు రేటు మాకు పంపావేంట్రా? అది నమ్మి చెరువు పట్టుబడి పెట్టుకుంటే నా గతేం కాను?”

చూస్తే నిజమే. కానీ మా జిల్లా ఒక్కటే విడిగా నడిపితే రేటు సరిగ్గానే వస్తోంది. అన్నీ కలిపి నడిపితే ఎక్కడో ఒకచోట తప్పుతోంది, అదీ రోజుకో జిల్లా. వీడియో కాల్‌లో ఆ కంపెనీ లీడ్ అందరి ముందూ “ఊళ్లో కూర్చుని చేస్తే ఇలాగే ఉంటుంది” అన్నాడు. ఒళ్లు మండిపోయింది. కనెక్షన్లు మళ్లీ వాడొద్దు, ప్రతి పేజీకీ కొత్తది తెరవమన్నాడు. అలా చేసినా తప్పు పోదని నాకు తర్వాత తెలిసింది. పైగా ప్రతిసారీ టీసీపీ (కనెక్షన్ కలిపేది), టీఎల్ఎస్ (దానికి భద్రత ఇచ్చేది) పలకరింపులు మొదటినుంచీ జరగాలి. మనకీ ఆలస్యం, అవతలి సర్వర్‌కీ బరువు. నేను ఒప్పుకోలేదు.

వెర్బోస్ లాగ్ (జరిగే ప్రతిదీ వివరంగా రాసే చిట్టా) పెట్టి ఒక్కో రిక్వెస్టూ చదివాను. మా జిల్లా పేజీ అడుగుతున్న హెడర్లలో, అంటే రిక్వెస్టుతో పాటు వెళ్లే వివరాల్లో, ఎవరూ పెట్టమనని కుకీ (మనల్ని గుర్తుపట్టడానికి సైట్ ఇచ్చే చిన్న చీటీ) ఒకటి వెళ్తోంది. అది నెల్లూరు పేజీ తెచ్చినప్పుడు ఆ సైట్ ఇచ్చిన సెషన్ కుకీ. అది కనబడితే చాలు, ఆ సైట్ యూఆర్ఎల్‌లో ఉన్న జిల్లాని పట్టించుకోదు.

కోడ్‌లో లిబ్‌కర్ల్ అనే, పేజీలు తెచ్చే లైబ్రరీ హ్యాండిళ్ల పూల్ ఉంది. హ్యాండిల్ అంటే ఒక పని సెట్టింగులు, కుకీలు పట్టుకుని ఉండేది; పూల్‌లోవి ఒకదాని తర్వాత ఒక పనికి మళ్లీ వాడతారు. ప్రతి పనికీ ముందు కర్ల్ ఈజీ రీసెట్ అనే ఫంక్షన్ పిలుస్తున్నారు, దాంతో అంతా శుభ్రమైపోతుందని వాళ్ల నమ్మకం. రీసెట్ తీసేది ఆప్షన్లని, అంటే సెట్టింగులని మాత్రమే. తెరిచి ఉన్న కనెక్షన్లు, డీఎన్ఎస్ క్యాష్ (గుర్తుపెట్టుకున్న సైట్ల చిరునామాలు), కుకీలు అలాగే ఉంటాయని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. ఊరిని వెక్కిరించే ముందు ఆ పేజీ చదివి ఉండాల్సింది. నెల్లూరు పని చేసిన హ్యాండిల్ ఆ రోజు ఎవరికి దొరికితే వాళ్లకి నెల్లూరు రేటు. అందుకే రోజుకో జిల్లా.

హెచ్‌టీటీపీలో కుకీ ప్రతి రిక్వెస్టుతో వెళ్లే హెడర్. కనెక్షన్‌కి దానితో సంబంధం లేదు. ఒకే కాలవ కింద ఉన్న చేలన్నీ ఒకే రైతువి కావు కదా.

పరిష్కారం ఒక్క లైను. ప్రతి పనికీ ముందు కర్ల్ఆప్ట్ కుకీలిస్ట్ అనే ఆప్షన్‌కి ‘ఆల్’ అని ఇచ్చాను. కుకీలు పోయాయి, కనెక్షన్ నిలిచింది, వేగం తగ్గలేదు. లిబ్‌కర్ల్‌లోనే ఒకేసారి చాలా పనులు నడిపే మల్టీ ఇంటర్‌ఫేస్ వాడేవాళ్లకి కనెక్షన్ల పూల్ మల్టీ హ్యాండిల్ దగ్గరే ఉంటుంది కాబట్టి పనికో కొత్త ఈజీ హ్యాండిల్ తీసుకుంటే ఇంకా మంచిది. పేజీలు తెచ్చే పైథాన్ లైబ్రరీ రిక్వెస్ట్స్‌లో ఒకే సెషన్‌తో అన్ని పనులూ చేసినా ఇదే కలగాపులగం. క్రాలర్లు రాసుకునే స్క్రాపీలో అయితే రిక్వెస్టుకి జతచేసే మెటాలో కుకీజార్ పేరుతో ఒక్కో జిల్లాకీ ఒక్కో డబ్బా పెట్టుకోవచ్చు. కుకీలు మొత్తానికే ఆపేయమనే వాళ్ల మాట మాత్రం వినకండి. కుకీ లేకపోతే కొన్ని సైట్లు అదే పేజీకి తిప్పుతూనే ఉంటాయి.

లాగ్ మొత్తం ఆ లీడ్‌కి పంపాను. జవాబు రాలేదు గానీ, ఆ లైను వాళ్ల కోడ్‌లోకి కూడా చేరింది.